ఏడోవాడికి ఆకు

ఒకానొక రాజ్యం. ఎక్కడుందని అడక్కండి, ఇప్పుడు దాని మీద నుంచి ఏరు పారుతోంది. గుండ్లేరు రాజ్యం అనేవారు. అక్కడ పటం కథలు చెప్పే పైడయ్య అని ఒకడుండేవాడు. మా ముత్తాతకి ముత్తాత. చదువు రాదు. నాకూ రాదనుకోండి, అది మా వంశంలో ఎవరూ తెంచని వరస. గానీ పైడయ్య గొంతెత్తి కథ చెప్తుంటే ఎగిరే కాకి ఆకాశంలో అలాగే ఆగిపోయేది. కింద పడిపోదా అంటారేమో. పడాలన్న సంగతి దానికి గుర్తుండాలి కదా.

పటం అంటే కథంతా బొమ్మలుగా వేసిన పొడుగాటి గుడ్డ. రెండు కర్రలకి చుట్టి ఉంటుంది. ఒక్కో బొమ్మా విప్పుకుంటూ, బెత్తంతో చూపించుకుంటూ కథ చెప్పాలి. మా పైడయ్య పటం ఎంత పొడుగంటే, మొదటి బొమ్మ దగ్గర ఎండ కాస్తుంటే ఆఖరి బొమ్మ దగ్గర వాన పడేది. సరే, కొంచెం ఎక్కువ చెప్పాను. తుంపర పడేది.

ఆ రాజ్యానికంతటికీ ఒకటే కథ. ఏరు కాసిన ఆరుగురి కథ. వెనకటికెప్పుడో శత్రువులు మీదికొస్తే, ఊరూరంతా పిల్లాజెల్లా గొడ్డూగోదాతో కొండెక్కేదాకా ఆరుగురు మనుషులు ఏటి రేవులో అడ్డంగా నిలబడ్డారు. ఆరుగురూ చచ్చిపోయారు. వాళ్ళేం మహానుభావులు కారు. ఒకడు మొండోడు. ఒకడు తిండిపోతు. ఒకడికి నత్తి. ఒకడు నోరు తెరిస్తే అబద్ధం. ఒకడు పొద్దున్నే పెళ్ళాంతో దెబ్బలాడి, అలిగి వచ్చేసినవాడు. ఆఖరోడికి నీళ్ళంటే భయం. మొలలోతు నీళ్ళలో వణుకుతూ నిలబడి, అలాగే పోయాడు. జనానికి ఆ ఆఖరోడంటే ప్రాణం.

ఏటా మార్గశిరంలో మూడ్రోజులు, పగటిపూట, కోట బయట మైదానంలో పైడయ్య ఈ కథ చెప్పేవాడు. మూడోరోజుని ఆకుల రోజు అనేవారు. ఆరుగురూ పోయే బొమ్మ దగ్గరికి రాగానే పటం ముందు ఆరు విస్తరాకులు వేసి, ఎవడికి ఏది ఇష్టమో అది పెట్టేవారు. ఆ తరవాత, ఆ ఏడు ఇంట్లో మనిషి పోయినవాళ్ళు లేచి వచ్చి, పక్కన తమ ఆకు వేసి, పోయినవాళ్ళకి ఇష్టమైంది వడ్డించి, పేరు పెట్టి పిలిచి ఏడ్చేవారు. అలా పిలిస్తేనే పోయినవాడు కథలోకి ఎక్కి ఆరుగురి పక్కనా కూర్చుంటాడని వాళ్ళ నమ్మకం. దానికి నియమం ఒకటే. ఆ మనిషి తింటుంటే కళ్ళారా చూసినవాళ్ళే ఆకు వెయ్యాలి. వేరే ఎవరు వేసినా చెల్లదు.

ఆ ఏడు ఎండాకాలంలో యుద్ధం జరిగింది. పొరుగు రాజుతో, ఆ రేవు గురించే. రెండొందల మంది పోయారు. పైడయ్య పెళ్ళాం నూకాలుకి ఒక్కడే తమ్ముడు, గవిరయ్య. తల్లి పోతే తనే ఎత్తుకుని పెంచింది. వాడూ అందులో పోయాడు.

మహారాజు ఒక్కగానొక్క కొడుకు, చిన్నదొర మాధవరాజు, అతనూ పోయాడు. ఎలా పోయాడో ఎవరూ పైకి అనేవారు కాదు. యుద్ధం మొదలవకముందే, రేవులోకి దిగుతుంటే గుర్రం బురదలో జారింది. కింద పడ్డాడు. అంతే. ఇరవై ఏళ్ళు.

ఈ మహారాజు భుజంగదేవుడున్నాడే, గొప్ప డాబుసరి మనిషి. ఆయన తుమ్మితే ఆ తుమ్ము ఎంత గొప్పదో చెప్పడానికి ముందో మనిషి, వెనకో మనిషి ఉండేవారు. కొడుకు పోయిన పన్నెండో రోజున దండోరా వేయించాడు. వీరుడి కోసం ఏడిస్తే వీరుడికి అవమానం, కోటలో ఎవరి కంటా నీటిచుక్క కనపడకూడదని. రాణిగారి కంట కూడా. తను గది తలుపేసుకుని గంటం పట్టాడు. ఏడు నెలలు రాశాడు.

ఏం రాశాడంటే, ఆరుగురి కథలోకి ఏడోవాణ్ణి తెచ్చి పెట్టాడు.

పైడయ్యని సభకి పిలిపించారు.

"నీ కథలో ఒక లోపం ఉందిరా పైడయ్యా," అన్నాడు రాజు. "అందరూ చస్తారు. నేను దిద్దాను."

"దొరవారు దిద్దేక ఇంక తిరుగేటుంది," అన్నాడు పైడయ్య.

ఆస్థాన పండితుడు సోమయాజులవారు తాటాకుల కట్ట విప్పి చదవడం మొదలెట్టాడు. ఈయన రాజుగారి ప్రతి పద్యానికీ కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. పద్యం పూర్తవకముందే ఊపేసేవాడు.

ఏడోవాడి పేరు సర్వజిత్తు. తల్లి కడుపున పుట్టలేదు, వెలుగులోంచి నడిచొచ్చాడు. అయిదో ఏట అరవైనాలుగు విద్యలూ వచ్చేశాయి. అతని మొహం చూసి తామరపువ్వులు సిగ్గుతో ముడుచుకుంటాయి. అతన్ని చూడగానే నత్తివాడికి నత్తి పోతుంది, అబద్ధాలకోరు నిజం చెప్తాడు, నీళ్ళంటే భయపడేవాడు ఈత కొడతాడు. శత్రువులు కత్తులు పారేసి, ఈయన ఇంట్లో పనివాళ్ళుగా పుట్టలేకపోయామే అని బావురుమంటారు. ఇంకొకటి. ఆయన గుర్రం ఎక్కడా జారదు. రాతి మీద జారదు, నాచు మీద జారదు, బురదలో జారదు. ఈ మాట మాత్రం పది పద్యాలకోసారి వస్తూనే ఉంది.

పైడయ్య అంతా విన్నాడు. చేతులు కట్టుకున్నాడు.

"తవరి సెలవైతే చిన్న సందేహం. ఈ బాబుకి చెమట పడుతుందా అండి?"

"పట్టదు," అన్నాడు సోమయాజులు.

"నిద్ర?"

"జయించాడు."

"దోమలు కుడతాయా?"

"కుట్టబోయి, ఆయన తేజస్సు చూసి నమస్కారం చేసి వెళ్ళిపోతాయి. నూట పదకొండో పద్యం."

"ఓహో, దోమల దాకా ఆలోచించేరన్నమాట. మరి ఈ బాబు వచ్చేక మన ఆరుగురూ ఏం చేస్తారండి?"

"పక్కన నిలబడి ఆశ్చర్యపోతారు."

"ఎంతసేపండి?"

సోమయాజులు ఆకులు తిరగేసి చూశాడు. "ఆరువందల పద్యాలు."

"పాపం, కాళ్ళు పీకెయ్యవా," అన్నాడు పైడయ్య.

సభలో ఎవడో కిసుక్కుమని, వెంటనే దగ్గినట్టు సర్దుకున్నాడు. రాజు మొహం ఎర్రబడింది.

"ఆకుల రోజున ఇదే చెప్తావు," అన్నాడు. "ఇందులో ఎవడూ చావడు. కాబట్టి ఆకులు ఉండవు, ఏడుపులు ఉండవు. పాత కథ ఒక్క ముక్క చెప్పావా, పటం తగలబెట్టి నిన్ను పొలిమేర దాటిస్తాను."

పైడయ్య ఇంటికొచ్చేసరికి నూకాలు పెరట్లో గునపంతో తేగల పాతర తవ్వుతోంది. తాటి టెంకలు మట్టిలో పాతిపెడితే మొలకలొస్తాయే, అవి.

"ఏటి మావా, మొకం అలాగుంది?"

చెప్పాడు. నూకాలు తవ్వడం ఆపలేదు.

"అయితే ఎవలూ చావరా?"

"చావరు."

"మా గవిరిగాడు కూడానా?"

లోకంలో మా పైడయ్య నోరు మూయించినవాడు లేడని చెప్పాను కదా. చెప్పలేదా, సరే ఇప్పుడు చెప్తున్నాను. ఆ పైడయ్య పాతర పక్కన చతికిలబడి, తవ్విన మట్టి చేత్తో పక్కకి తొయ్యడం మొదలెట్టాడు.

నూకాలు గునపం పక్కన పెట్టి, ఒక తేగ తీసి మట్టి దులిపింది. "ఆడు పోయింది ఎండల్లో. తేగల కాలం కాదు. ఇంకేటి పెట్టి పిలిచినా ఆడు రాడు మావా, ఆడి సంగతి నాకు తెలుసు. తేగ చీలిస్తే మధ్యలో చందమామ ఉంటాది కదా, అది తన నోట్లో పెట్టుకుని పీచంతా నాకిచ్చేవోడు. అందుకే పాతర వేసుకుని కూకున్నాను. ఇన్నాళ్ళూ ఏడవలేదు. ఆకుల రోజు ఉంది కదా అని." తేగ ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఇప్పుడు నా తమ్ముణ్ణి ఏడకెళ్ళి పిలవమంటావు?"

"రాజుకి ఎదురు చెప్తే పటం పోతాది."

"మరేటి చేస్తావు?"

"ఆయన కథే చెప్తాను. ఒక్క ముక్క మార్చను."

నూకాలు మొగుణ్ణి అదోలా చూసింది.

"నువ్వు మాత్రం తేగలు ఉడకేసి తీసుకురా," అన్నాడు పైడయ్య.

ఆకుల రోజు వచ్చింది. మైదానం నిండిపోయింది. రాజు ఎత్తైన గద్దె మీద, పక్కన సోమయాజులు. తెర వెనక రాణిగారు. ఎదురుగా కింద రెండొందల ఇళ్ళ ఆడవాళ్ళు. ఆకులు వద్దని దండోరా వేసినా ప్రతి ఒక్కత్తి ఒళ్ళోనూ మడత పెట్టిన ఒక విస్తరాకు ఉంది. ఎవరూ విప్పలేదు. ఊరికే పట్టుకుని కూర్చున్నారు.

పటం మీద ప్రతి బొమ్మలోనూ రాజుగారి మనుషులు ఏడోవాణ్ణి ఇరికించారు. బంగారు రేకు అతికించి వేశారు. ఎండ దాని మీద పడి కళ్ళు చెదిరి, మన ఆరుగురూ ఎక్కడున్నారో కనపడనే లేదు.

పైడయ్య మాట తప్పలేదు. దోమలు నమస్కారం పెట్టడం దగ్గర్నుంచి గుర్రం జారకపోవడం దాకా అంతా చెప్పాడు. కాకులు కూడా ఆగలేదు, వాటి దారిన అవి పోయాయి. జనం మర్యాదగా విన్నారు. పెళ్ళివారింట్లో ఉప్పు లేని కూర తిన్నట్టు.

మధ్యలో చిలకమ్మ అనే ముసల్ది గట్టిగా అడిగింది. "ఒరే పైడీ, ఈ బాబు ఎవులబ్బాయిరా?"

"ఎవరబ్బాయీ కాదవ్వా. వెలుగులోంచి వచ్చేడు."

"తల్లి లేదా?"

"లేదు."

"అయ్యో పాపం," అంది ముసల్ది.

తెర కొంచెం కదిలింది. రాజు అటు చూశాడు, మళ్ళీ ఇటు చూశాడు.

కథ అయిపోయింది. ఎవడూ చావలేదు. పైడయ్య బెత్తం కింద పెట్టి రాజుకి దణ్ణం పెట్టాడు.

"దొరా, తవరు చెప్పినట్టే చెప్పేను. ఆరుగురూ బతికేరు గనక వాళ్ళకి ఆకుల్లేవు. గానీ ఈ బాబు కథకి కొత్త. ఆకు పడకుండా ఎవడూ కథలోకి ఎక్కడు. అది నేను పెట్టిన నియమం కాదు. ఇవాళ ఆకు వెయ్యకపోతే వచ్చే ఏడు ఈయన పేరు చెప్పడానికి నాకు అధికారం లేదు."

"అయితే వెయ్యి," అన్నాడు రాజు.

పైడయ్య బంగారు బొమ్మ ముందు ఒక ఆకు వేసి, నీళ్ళు చల్లాడు. "ఈ బాబుకి ఏమిష్టమండి?"

సోమయాజులు గబగబా తాటాకులు తిరగేశాడు. వెయ్యి పద్యాలున్నాయి. ఎక్కడా లేదు. "అమృతం," అన్నాడు చివరికి.

"ఎవరింట్లో ఉందో చెప్పండి, చెంబు పట్టుకెళ్తాను."

"ఆయనకి అన్నీ సమానమే. ఆకలిని జయించాడు."

"అన్నీ సమానమైతే ఏది పెట్టనండి?"

"కుంకుమపువ్వు వేసిన పాయసం పెట్టరా," అన్నాడు రాజు, చిరాగ్గా. "జింక మాంసం పెట్టు. నేతి అరిసెలు పెట్టు."

"అలాగే దొరా. ఆయన తింటుంటే చూసినవాళ్ళెవరో చెప్పండి. వాళ్ళే కదా వడ్డించాలి. సోమయాజులుగారూ, తవరు చూసేరా?"

సోమయాజులు ఈసారి తల అడ్డంగా ఊపాడు.

పైడయ్య జనం వైపు తిరిగాడు. "అమ్మా, మీలో ఎవరైనా ఈ బాబుకి ముద్ద పెట్టేరా? కంచంలో చెయ్యి కడిగేస్తే తిట్టేరా? ఇంకొంచెం తిను నాయనా అన్నారా?"

రెండొందల మందీ ఆ బంగారు బొమ్మని జాలిగా చూస్తూ కూర్చున్నారు.

"వెయ్యి పద్యాలు దొరా," అన్నాడు పైడయ్య. గొంతులో వెటకారం పోయింది. "లోకంలో ఉన్న గొప్పలన్నీ ఇచ్చేరు. ఒక్క ముద్ద తినగా చూసినవాళ్ళు లేరు. ఈయనకి ఎవరూ ఏడవక్కర్లేదు, నిజమే. ఏడిచేటంతగా ఈయన ఎవరికీ తెలీదు. నేను పటం చుట్టేస్తాను, సెలవివ్వండి."

గాలి వీచింది. ఖాళీ ఆకు ఒక పక్క లేచి, మళ్ళీ పడింది. రాజు దాన్నే చూస్తున్నాడు. పైడయ్య కర్ర మీద చెయ్యి వేశాడు గానీ చుట్టలేదు. తొందరేముంది. ఎప్పుడు ఆగాలో తెలియకపోతే కథలు చెప్పడమెందుకు.

ఆఖరికి రాజు నోరు విప్పాడు.

"ఉలవలు."

సోమయాజులు ఉలిక్కిపడ్డాడు. "ప్రభూ, ఉలవలు గుర్రాల దాణా..."

"గుర్రాల దాణాయే. ఉడకబెట్టినవి."

"చూసిందెవరండి?" అడిగాడు పైడయ్య, మెల్లిగా.

"నేను." రాజు గద్దె దిగాడు. ఆయన దిగితే ఇద్దరు పట్టుకోవాలి, ఎవరూ కదల్లేదు, తనే దిగాడు. "గుర్రపుసాలలో తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, గుర్రంతో పాటు దోసిలితో తింటున్నాడు. రాజు కొడుకువేనా నువ్వని చెంప మీద కొట్టాను. యుద్ధానికి వెళ్ళే ముందురోజు."

అప్పుడు తెర వెనక నుంచి ఒక గొంతు వినపడింది. ఎనిమిది నెలలుగా బయట ఎవరూ వినని గొంతు.

"ఉప్పు వేసుకుని తినేవాడు," అంది రాణి. తెర పక్కకి తీసి వచ్చేసింది. "వాడికి గుర్రమంటే భయం. చిన్నప్పట్నుంచీ. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. కలిసి తింటే మచ్చికవుతుందని ఎవరో చెప్పారట. అందుకని రోజూ వెళ్ళి దానితో కలిసి తినేవాడు."

రాజు పటం వైపు తిరిగాడు. ఆయన పద్యాల్లో ఎక్కడా జారని గుర్రం పటం మీద మెరుస్తోంది.

సాలవాడు పరిగెత్తి ఉడికిన ఉలవలు ముంతతో తెచ్చాడు. పైడయ్య చెయ్యి చాపలేదు. రాజే తీసుకున్నాడు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆకులో ఉలవలు పెట్టాడు. రాణి ఉప్పు వేసింది. రాజు ఆకు మీదికి వంగి పిలిచాడు.

"మాధవా."

ఆ పిలుపు ఎలా ఉందో నేను చెప్పలేను. ఇందాకట్నుంచీ నేను చెప్పలేనిది లేదన్నట్టు మాట్లాడుతున్నాను, ఇది మాత్రం నా వల్ల కాదు.

పైడయ్య వంగి రాజు చెవి దగ్గర అడిగాడు. "దొరా, చిన్నదొర కథలోకి ఎక్కేడు. పక్కన కూర్చోడానికి ఆరుగురు కావాలి. వాళ్ళని చావనిస్తారా?"

"చావనీ," అన్నాడు రాజు.

పైడయ్య బెత్తం తీసి పాత కథ చివరి బొమ్మ చెప్పాడు. ఆరు ఆకులు పడ్డాయి. ఆ తరవాత ఒళ్ళో ఉన్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఒకావిడ ఎండుచేపల పులుసు పెట్టింది. ఒకావిడ రేగుపళ్ళు పెట్టింది. ఒక కొత్త పెళ్ళికూతురు, మొగుడికి ఏమిష్టమో తెలుసుకునే లోపే పోయాడని, పెళ్ళిరోజు తనతో కలిసి తిన్న అప్పాలే పెట్టింది. నూకాలు తేగ చీల్చి, చందమామ తీసి ఆకులో పెట్టి, పీచు తన చేతిలో ఉంచుకుని, "గవిరీ, ఒరే గవిరీ" అని పిలిచింది. మైదానమంతా పేర్లే. గోడ మీద కావలివాళ్ళు కూడా ఈటెలు ఆనించి కళ్ళు తుడుచుకున్నారు.

ఏడుపు కొంచెం సద్దుమణిగాక రాణి ఉన్నట్టుండి అంది. "బల్ల మీద పెట్టిన మీ తలపాగాలో కూడా ఒకసారి దాచాడు. మీరు వస్తుంటే భయపడి, చేతిలో ఉన్న ఉలవలు మడతలో పోసేశాడు."

"ఎప్పుడు?"

"పొరుగు రాజు దూత వచ్చిననాడు."

రాజు చెయ్యి తలపాగా మీదికి పోయింది. "నేను తల వంచినప్పుడల్లా ఏదో రాలింది ఆరోజు," అన్నాడు. "ఆ దూత ఒకటి ఏరుకుని, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకున్నాడు. అది నా మహిమ అనుకున్నాను."

ముందు రాణికి వచ్చింది నవ్వు. తరవాత రాజుకి. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన తుమ్ముల గొప్ప చెప్పే మనుషులిద్దరూ ఈ నవ్వుకి ఏం చెప్పాలో తెలీక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పైడయ్యా, నా కథ అంత చెడ్డగా ఉందట్రా?" అన్నాడు రాజు, తేరుకుని.

"పద్యాలు బంగారమే దొరా. మనిషే లేడు. తవరింట్లో ఉన్న మనిషిని బయట వదిలేసి, లేనోణ్ణి రాసేరు."

రాజు తన చేతి కంకణం తీసి పైడయ్యకి తొడిగాడు. సోమయాజుల భుజం మీదున్న శాలువా కూడా తీసి పైడయ్యకే కప్పాడు. ఆ కంకణం ఎంత బరువంటే, పైడయ్య ఆ చేత్తో బెత్తం ఎత్తితే రెండో చెయ్యి సాయం పట్టాల్సొచ్చేది. ఏదీ చూపించమనకండి, అది వేరే కథ. కోటలో ఏడవకూడదన్న దండోరా ఆ సాయంత్రమే రద్దు చేశారు.

జనం లేస్తున్నారు. ఆకుల్లో పెట్టినవి పక్కవాళ్ళకి పంచడం ఆనవాయితీ. నూకాలు బుట్టలోంచి ఒక తేగ తీసి, ఇంకా నేల మీదే కూర్చున్న రాజు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడ పట్టుకుని చీల్చాలో తెలీలేదు. కొరకబోయాడు.

"అలాక్కాదు దొరా," అంది నూకాలు, ముక్కు తుడుచుకుని. "ఇటివ్వండి."

ఆయన పక్కనే చతికిలబడి, పై తొక్క తీసి, చీల్చి, చందమామ ఆయన చేతిలో పెట్టింది. పీచు తను ఉంచుకుంది. ఇద్దరూ తిన్నారు.